మాట లేని వేషం

"మామ కంచం పక్కకు తోసినాడు. రాత్రి కూడా ఇంతే. నీకు కండ్లుండాయా లేవా?"

మల్లీశ్వరి వంటింటి గడపలో నిలబడి అడిగింది. చెప్పుల్లో కాళ్లు పెట్టబోతున్న జయరాం అట్లాగే ఆగిపోయాడు.

"యాడికి బయల్దేరినావు?"

"చేను కాడికి."

"చేను కాడ ఏముండాది? దున్నిపెట్టి వాన కోసం చూస్తాండాము. నువ్వు పోయి గట్టుమీద కూర్చుంటే పడతాదా?"

జయరాం రెండో చెప్పు కోసం కాలితో వెతికాడు.

"ఆ డైరెక్టరు పెనుకొండ దాటినాడంట. ఇప్పుడే ఫోన్ చేసినాడు. నీకు కాదు, నాకు. నీకు చేస్తే ఎత్తవు కదా! ఆయప్ప వచ్చే టయానికి నువ్వు లేకపోతే జవాబు ఎవురు చెప్పాల? నేనా? మాట రాని మీ నాయనా?"

అనేశాక మల్లీశ్వరి చప్పున నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

హాల్లో మంచం మీద కూర్చున్న శ్రీరంగప్ప ఆ మాట విన్నాడు. విన్నట్టు కనపడనివ్వకుండా కిటికీ వైపు తిరిగాడు. మెడ చుట్టూ కట్టిన పల్చటి తెల్లగుడ్డ మాత్రం ఆయన ఊపిరితోపాటు పైకీ కిందికీ కదులుతూనే ఉంది.

"నేను అట్ల అనాలని కాదు మామా…" అని మల్లీశ్వరి గొణిగింది. ఆయన తిరిగి చూడలేదు.

నిన్న పొద్దున వచ్చిన ఒక్క ఫోన్ ఇంటిని ఇట్లా చేసింది. మాట రాని గొర్రెలకాపరి ఓబుళేసుగా జయరాంకు పేరు తెచ్చిన సినిమాకు రెండో భాగం తీస్తున్నారని రాప్తాడంతా తెలుసు. వచ్చే వారం షూటింగ్ అని ఇంట్లో అందరూ అనుకుంటూ వచ్చారు. జయరాం ఎప్పుడో 'నేను చేయను' అని చెప్పేశాడు. ఆ సంగతి మాత్రం, డైరెక్టర్ విష్ణువర్ధన్ మల్లీశ్వరికి ఫోన్ చేసి "వదినా, అన్న మనసు ఎందుకు విరిగిందో మీరైనా చెప్పండి" అని అడిగేదాకా ఎవరికీ తెలియదు.

అప్పటినుంచి మల్లీశ్వరి అరుస్తోంది. శ్రీరంగప్ప ముద్ద ముట్టడం లేదు.

రెండింటిలో రెండోదే జయరాంకు భరించరానిదిగా ఉంది.

"ఏమమ్మా మల్లీశ్వరీ, వీధి కొసదాకా ఇనపడతాండావు. ఊళ్లో ఇంగ మైకు సెట్టు వద్దులే."

పీరాసాబ్ గేటు తీసుకుని వచ్చాడు. బస్టాండు దగ్గర పరుపులు కుట్టే అంగడి ఆయనది. ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారు. చొక్కా మీద మాత్రం ఎప్పుడూ ఒకటో రెండో దూదిపింజలు అంటుకునే ఉంటాయి. శ్రీరంగప్ప పద్య నాటకాల్లో రాజు వేషాలు కట్టినన్నాళ్లూ హార్మోనియం పెట్టెమీద కూర్చున్నది పీరాసాబే. ఆపరేషన్ అయి శ్రీరంగప్ప గొంతు పోయినప్పటినుంచి ప్రతి మధ్యాహ్నం ఈ ఇంటికి వస్తున్నాడు. ఆయన చేతులతో చెప్పేది నలుగురికీ మాటల్లో చెప్పే పని తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. మధ్యమధ్యలో సొంత మాటలు కలుపుతాడన్న సంగతి అందరికీ తెలుసు.

"బాగ వచ్చినావు పీరా మామా," అంది మల్లీశ్వరి. "నువ్వన్నా అడుగు ఈయప్పను. నాకు చెప్పడు. కన్న తండ్రికి చెప్పడు."

పీరాసాబ్ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కంచంలో సంకటి ముద్ద ఆరిపోయి పగుళ్లు తేలింది. దాన్ని చూశాడు, శ్రీరంగప్పను చూశాడు, చివరికి జయరాంను చూశాడు.

"ఏమప్పా జయరామా, సినిమా ఏమిటికి వద్దన్నావు? వాళ్లతో ఏమన్నా కొట్లాటనా?"

"లేదు మామా."

"మర్యాద తక్కువ చేసినారా?"

"ఆ డైరెక్టరుకు నేనంటే ప్రాణం."

"మళ్ల?"

జయరాం గోడకు ఆనుకున్నాడు. చెప్పులు విడిచేశాడు. వాటిని కాలితో పక్కపక్కన సర్దాడు.

"ఇదే సంగతి," అంది మల్లీశ్వరి. గొంతులో ఇప్పుడు కోపం తగ్గి ఏడుపు చేరింది. "నాకు సినిమాలు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఓబుళేసు వేషం లేకపోతే మామను బెంగుళూరుకు యాడ తీసకపోయేటోళ్లం? ఆ పెద్దాసుపత్రిలో డాక్టరు ఈయప్పను చూసి కుర్చీలోంచి లేచి నిలబడినాడు. 'ఓబుళేసూ, మీ నాయన మా నాయన' అన్నాడు. ఆపరేషన్ గది బయట నేను కూలబడితే, ఎవురో తెలీని ఆడామె తన బిడ్డకు తెచ్చుకున్న పాలు నాకు తాపింది. నన్ను చూసి కాదు. ఈ మనిషి భార్యనని. అట్లాంటి వేషాన్ని వద్దు అంటాడు. నోరు ఎట్లొచ్చింది?"

"నోరు ఉండాది కాబట్టే వద్దన్నా!"

జయరాం గొంతు ఒక్కసారిగా లేచేసరికి పీరాసాబ్ ఉలిక్కిపడ్డాడు. శ్రీరంగప్ప కిటికీ నుంచి ఇటు తిరిగాడు.

"ఆపరేషన్ అయిన మర్సటి దినం గుర్తుండాదా నీకు? నాయన కండ్లు తెరిచినాడు. నన్ను పిలవాలని నోరు తెరిచినాడు. రాలేదు. మళ్లా తెరిచినాడు. రాలేదు. అప్పుడు ఏం చేసినాడు? బొటనవేలు పెదవి మీద పెట్టి కిందికి లాగినాడు. నీళ్లు అని. అది ఎవురి సైగ? ఓబుళేసుది! ఈ హాల్లో, ఈ అద్దం ముందర నాయనకు చూపించి చూపించి నేను నేర్చుకున్న సైగ. నాది నటన. ఆయనది దప్పిక."

జయరాం మంచం వైపు ఒక అడుగు వేశాడు.

"సెట్టులో డైరెక్టరు కట్ అంటాడు. అన్న మరుక్షణం నాకు మాట వస్తాది. టీ తెమ్మంటాను, జోకులేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి ఈయన ముందర కూర్చోవాల. నాయనకు కట్ ఎవురు చెప్తారు? చెప్పు మామా, ఎవురు చెప్తారు?"

పీరాసాబ్ తల దించుకున్నాడు. మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫట్‌మని చప్పుడైంది.

శ్రీరంగప్ప చేతులు చరిచాడు. ఎవరినైనా పిలవాలన్నా, ఆపాలన్నా ఇప్పుడు ఆయనకున్న చప్పుడు అదొక్కటే. ఒకప్పుడు మైకు లేకుండా కొత్తచెరువు తిరునాళ్లలో ఆ చివర బండ్లమీద పడుకున్నవాళ్లను కూడా లేపి కూర్చోబెట్టిన మనిషి.

ఆయన కొడుకును వేలెత్తి చూపించాడు. తన గుండె మీద తట్టుకున్నాడు. తర్వాత మంచం కోడును గట్టిగా పట్టుకుని, కుంటివాడు కర్ర మీద ఒరిగినట్టు ఒరిగి చూపించాడు.

"ఏమంటాండాడు?" అని మల్లీశ్వరి.

"నాయన మీద నీకింత ప్రేమ ఉన్నందుకు సంతోషం, కానీ…" అని పీరాసాబ్ మొదలుపెట్టాడు.

శ్రీరంగప్ప ఆయన భుజం మీద ఒక్కటి కొట్టాడు.

"సరే సరే! ఉన్నదున్నట్టు చెప్తా. 'నన్ను ఊతకర్ర చేసుకుంటాండావు' అంటాండాడు. నీకు నువ్వుగా వద్దనుకుని, నా మీద పెడతాండావు అంటాండాడు."

"అది అబద్ధం," అన్నాడు జయరాం.

శ్రీరంగప్ప తల అడ్డంగా ఊపాడు. కొడుకు కళ్లలోకి చూస్తూ, మెల్లగా, ఇద్దరికీ బాగా తెలిసిన సైగ చేశాడు. అరచేయి పైకి తిప్పి, వేళ్లు ముడిచి, మళ్లీ తెరిచాడు.

దానికి పీరాసాబ్ సాయం అక్కర్లేదు. మిగతాది కూడా చెప్పు అని.

బయట ఎవరో ట్రాక్టరు స్టార్టు చేసి, ఆపేశారు.

"ఉండాది," అన్నాడు జయరాం చివరికి. "ఇంగొకటి ఉండాది నాయనా."

చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. పద్దెనిమిదేళ్లు హైదరాబాదులో, కిటికీ లేని గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వేరే భాషల హీరోలకు తెలుగు మాట చెప్పిన సంగతి. సినిమా హాల్లో జనం ఆ మాటలకు విజిల్స్ వేస్తుంటే, వెనక వరసలో టికెట్ కొనుక్కుని కూర్చుని విన్న సంగతి. పద్యం యాడ ఎత్తుకోవాలో, యాడ ఊపిరి దాచుకోవాలో చిన్నప్పుడు నాయన పొట్టమీద చెయ్యి పెట్టి నేర్పితే వచ్చిన గొంతు అది.

"నా గొంతుకు మొగం లేకుండా ఉన్నన్నాళ్లు ఉన్నా. మొగం ఇచ్చే మారాజు వచ్చినాడు. వచ్చి, గొంతు బయట పెట్టి రమ్మన్నాడు. ఆ వేషానికి అవార్డు తీసుకునేటప్పుడు ఢిల్లీలో నాలుగు మాటలు మాట్లాడినా. పక్కనున్నాయన 'అరె, మీకు మాటలొస్తాయా!' అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. రోడ్డుమీద కనపడితే జనం నాతో చేతులతో మాట్లాడతారు నాయనా. నోటితో మాట్లాడరు. మళ్లా ఇప్పుడు రెండోసారి… అంతే. అదొకటి ఉండాది. కడుపు నింపిన వేషం మీద కడుపుమంట ఏందని నన్ను నేనే తిట్టుకుంటా. అయినా ఉండాది."

మాట అయిపోయాక సిగ్గు వేసింది. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, తండ్రి ముందు పిల్లవాడిలా మొర పెట్టుకున్నట్టు అనిపించింది.

శ్రీరంగప్ప కంచం దగ్గరకు లాక్కున్నాడు. ఆరిపోయిన సంకటి ముద్దను చిదిమి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికి కష్టమైంది. మింగాడు. కొడుకు వైపు గడ్డం ఎత్తి, పీరాసాబ్‌కు రెండు వేళ్లు ఊపాడు.

"ఇప్పుడు నిజం చెప్పినాడు, ఇప్పుడు తింటానంటాండాడు," అన్నాడు పీరాసాబ్. అది ఉన్నదున్నట్టే చెప్పాడు.

"ఉండు మామా, అది చల్లగయ్యింది, వేడిది తెస్తా," అని మల్లీశ్వరి లోపలికి పరిగెత్తింది. లోపల గిన్నె మూత కిందపడింది. ముక్కు చీదిన చప్పుడు కూడా వినిపించింది.

జయరాం వరండాలోకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. హైవే మీద లారీలు పోతున్నాయి. ఎదురుగా ఎర్రగా దున్నిన చేలు. విత్తనం చెనిక్కాయలు ఇళ్లల్లో మూటలు కట్టి ఉన్నాయి. అందరూ పైకి చూస్తున్నారు.

కడుపుమంట ఉందన్న మాట బయటికి వచ్చాక విచిత్రంగా అది తగ్గింది. తగ్గిన చోట వేరేవి గుర్తొచ్చాయి.

పోయిన ఏడాది యాడికి అనే ఊళ్లో ఒక అంగడి ముందు కారు ఆపితే, అమీర్ బీ అనే ముసలామె మనవరాలి చెయ్యి పట్టుకుని దగ్గరకు వచ్చింది. ఆ పిల్లకు పుట్టుకతో చెవుడు, మాట లేదు. పేరు సిమ్రాన్. "నీ సినిమా వచ్చినాక మా వీధిలో పిల్లోళ్లు దీన్ని ఆటకు పిలుస్తాండారప్పా," అంది అమీర్ బీ. "ముందు ఎవురూ పిలిచేటోళ్లు కాదు. ఇప్పుడు అందరికీ దీని భాష కావాల. ఇదే నేర్పుతాండాది." ఆ పిల్ల జయరాం వేలు పట్టుకుని, తనకూ అతనికీ మాత్రమే తెలిసిన రహస్యమేదో ఉన్నట్టు నవ్వింది. ఆ పొద్దు జయరాం నోటితో ఒక్క మాట మాట్లాడకుండా కారెక్కాడు. ఎందుకో మాట్లాడబుద్ధి కాలేదు.

ఎన్ని ఊళ్లలో ఎంతమంది! రొట్టెలు మూట కట్టి ఇచ్చినవాళ్లు, గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి ఒళ్లో పెట్టినవాళ్లు. పెళ్లిళ్లలో "అన్నా, ఆ మడమ కొట్టేది ఒక్కసారి చూపించన్నా" అని వెంటపడేవాళ్లు. సినిమాలో వానరాత్రి ఒక గొర్రెపిల్ల తప్పిపోతుంది. ఓబుళేసు నోటితో పిలవలేడు. మడమతో నేలను కొడతాడు, ఆ అదురు దానికి తెలుస్తుందని. కొట్టి కొట్టి మడమ పగిలి రక్తం వస్తుంది. ఆ సీను జయరాం సొంతంగా కల్పించినది. జనం ఏడ్చింది అక్కడే. జయరాంకు కూడా అది చాలా ఇష్టం. గొంతుకు చోటు లేదన్న బాధలో పడి ఆ ఇష్టాన్ని ఈ మధ్య మర్చిపోయాడు.

తెల్లకారు వీధిలోకి తిరిగింది.

విష్ణువర్ధన్ దిగాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కృష్ణా జిల్లావాడు. ఎక్కడికి పోయినా రబ్బరు చెప్పులే వేసుకుంటాడు. గేటు తీయకముందే చేతులు జోడించాడు.

"అన్నా, ముందు ఒక్కటి చెప్పండి. నామీద కోపమా?"

"నీమీద కోపం తెచ్చుకుంటే నాకు అన్నం పుట్టదు సామీ," అన్నాడు జయరాం. లేచి అతన్ని భుజాలు పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. "లోకమంతా నా గొంతు విన్నది. ఒక్కనివే నా మొగం చూసినావు. ఆ రుణం నేను తీర్చేది కాదు."

విష్ణువర్ధన్ శ్రీరంగప్ప పాదాలకు దండం పెట్టాడు. ఆపరేషన్ సంగతి వినడమే తప్ప, ఆయన్ను ఆ తర్వాత చూడటం ఇదే మొదలు. శ్రీరంగప్ప చేతిని నుదుటికి ఆనించి, రెండు అరచేతులు నేలమీద పరిచినట్టు చూపించాడు. రా, కూర్చో అని.

విష్ణువర్ధన్ కూర్చోలేదు. ఆ చేతులనే చూస్తూ నిలబడిపోయాడు.

"ఇవి… ఓబుళేసువి కదా?"

"మా ఇంట్లో ఇప్పుడు ఇవే మాటలు," అన్నాడు జయరాం. "అర్థమయిందా నేనెందుకు వద్దన్నానో?"

అర్థమైంది. అతను మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. మల్లీశ్వరి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయాడు.

"సరే అన్నా. నేను బలవంతం చేయను. మీరు లేకపోతే ఈ సినిమా లేదు. బెదిరించడానికి అనట్లేదు, ఉన్నమాట చెప్తున్నా. ఇంకొకర్ని ఆ గొంగడిలో నేను చూడలేను."

"రొంత కథన్నా చెప్పు సార్," అన్నాడు పీరాసాబ్. "ఇంత దూరం వచ్చినావు."

విష్ణువర్ధన్ చెప్పాడు. ఓబుళేసు ముసలివాడయ్యాడు. గొర్రెలు మేసిన మిట్ట మీద ఇప్పుడు సోలార్ పలకలు పరిచారు. మందలో మిగిలింది ఒక్క గొర్రె. అది కంచె లోపలికి దూరి, ఆ పలకల కింద నీడలో ఎక్కడో పడుకుంది. ఓబుళేసు దాన్ని పిలవాలి. కాలిలో ఇప్పుడు బలం లేదు, మడమ కొట్టలేడు. పిలవాలి.

"ఎలా పిలుస్తాడో నేను రాయలేదన్నా. అది మీకే వదిలేశాను."

జయరాం తనకు తెలియకుండానే ఆలోచిస్తున్నాడు. ఎట్లా పిలుస్తాడు?

శ్రీరంగప్ప చేతులు చరిచాడు. పీరాసాబ్‌కు ఏదో చెప్పాడు.

పీరాసాబ్ చూపు తిప్పుకున్నాడు.

"ఏమంటున్నారు?" అని అడిగాడు విష్ణువర్ధన్.

"ఏం లేదు సార్. ముసలోళ్ల మాటలు."

మళ్లీ చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా.

"ఒక తూరి చూడమంటాండాడు," అన్నాడు పీరాసాబ్ ఇబ్బందిగా.

"ఏం చూడాలి?"

"ఆయన్ను."

శ్రీరంగప్ప మంచం దిగాడు. పంచె సర్దుకున్నాడు. మల్లీశ్వరి పట్టుకోబోతే వద్దన్నాడు. హాలు మధ్యకు వచ్చి, ఎదురుగా ఎంతో దూరం ఉన్నట్టు చూశాడు. వాళ్లందరూ ఆయన చూసిన వైపు చూశారు. అక్కడ ఉన్నది ఫ్రిజ్జు. అయినా ఎవరికీ అది కనపడలేదు.

మడమ ఎత్తబోయాడు. కాలు లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించలేదు. మోకాళ్ల మీదికి వంగి, నేలమీద కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించాడు. అంతే. కొట్టలేదు, తట్టలేదు. రోగం వచ్చిన బిడ్డ పొట్టమీద తల్లి చెయ్యి పెట్టినట్టు పెట్టి, ఆగాడు.

ఆగాడు. ఎవరికైనా ఇంక విసుగు రావాలి. రాలేదు.

ఆ అరచేతి కింద ఏదో కదిలింది. కదిలిందని ఆయన మొహంలో తెలిసింది, ముందు కనుబొమల దగ్గర, తర్వాత మెల్లగా చెంపల మీద. అప్పుడాయన కొంచెం పక్కకు జరిగాడు. వచ్చినదానికి చోటిచ్చాడు.

మల్లీశ్వరి ఏడుస్తోంది. విష్ణువర్ధన్ గ్లాసు నేలమీద పెట్టడానికి వంగి, అట్లాగే వంగి ఉండిపోయాడు.

జయరాంకు నటుడిగా వెంటనే తెలిసింది. తను చేసి ఉంటే ఏదో ఒకటి చేసేవాడు. రాయి విసిరేవాడు, కర్రతో కంచె కొట్టేవాడు. ఏమీ చేయకుండా ఆగడం తనకు తట్టేది కాదు. పక్కకు జరగడం అసలు తట్టేది కాదు.

"అన్నా," అన్నాడు విష్ణువర్ధన్. "ముసలి ఓబుళేసుకు మేకప్ ఎలాగా అని ఇన్నాళ్లూ తల బద్దలుకొట్టుకున్నాను." శ్రీరంగప్ప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నాన్నగారూ, మీరు చేస్తారా?"

"వద్దు సార్!" అంది మల్లీశ్వరి. "ఆ దుమ్ములో, ఆ ఎండలో, మెడకు ఆ రంధ్రంతో…"

"ఆ వేషం నాది!"

ఎవరన్నారో జయరాంకు ఒక క్షణం తెలియలేదు. హాలంతా మోగింది. నాయన నేర్పిన గొంతే, పొట్టలోంచి లేచి, గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. తన చెయ్యి తన గుండెల మీద ఉండటం చూసుకున్నాడు.

"ఆ ఓబుళేసు నాది. ఇంగెవురికీ ఇవ్వను."

ముందు నవ్వింది మల్లీశ్వరి. కళ్లు తుడుచుకోకుండానే పగలబడి నవ్వింది. విష్ణువర్ధన్ లేచి జయరాంను వాటేసుకున్నాడు. "అంటే చేస్తున్నారు! అన్నా, చేస్తున్నట్టే కదా!"

"శీరంగన్నా!" పీరాసాబ్ తొడ చరుచుకున్నాడు. "ఏం నాటకం ఆడినావప్పా! ఇంతమందిమి మొత్తుకుంటే రాని మాట, నేలమీద చెయ్యి పెట్టి లాగినావు కదా! నీ బుద్ధే బుద్ధి. కొడుకును ఎట్ల దారికి తెచ్చినావో చూడండి!"

అందరూ నవ్వుతున్నారు. విష్ణువర్ధన్ వీపు మీదుగా జయరాం తండ్రి వైపు చూశాడు. కృతజ్ఞతతో చూశాడు. ఎన్నిసార్లు రుణపడాలి ఈ మనిషికి అనుకుంటూ చూశాడు.

శ్రీరంగప్ప నవ్వడం లేదు.

ఆయన ఇంకా నేలమీదే ఉన్నాడు. మొహంలో ఆ వెలుగు ఇంకా పోలేదు. చిన్నప్పుడు తెర వెనక, రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, తెర లేవడానికి ఎదురుచూస్తూ నిలబడ్డ నాయన మొహం ఎట్లా ఉండేదో జయరాంకు తెలుసు. అదే మొహం. కొడుకును ఒప్పించడానికి నాటకం ఆడిన మొహం కాదు.

జయరాం నవ్వు ఆగిపోయింది.

శ్రీరంగప్ప మంచం కోడు పట్టుకుని మెల్లగా లేచాడు. కొడుకును చూడలేదు. విష్ణువర్ధన్‌ను చూశాడు. అరచెయ్యి తన రొమ్ముమీద పెట్టుకుని, ఆ చేతినే ముందుకు చాపి తెరిచాడు. చెయ్యి అట్లాగే ఉంచాడు.

"ఏమంటున్నారు నాన్నగారు?" అన్నాడు విష్ణువర్ధన్ ఇంకా నవ్వుతూనే.

మల్లీశ్వరి పీరాసాబ్ వైపు తిరిగింది. "ఏమంటాండాడు పీరా మామా?"

పీరాసాబ్ చొక్కా మీది దూదిపింజను తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఈసారి సొంత మాట ఏదీ కలపలేకపోయాడు.

"నా వల్ల కాదమ్మా," అన్నాడు. "జయరామా, నువ్వే చెప్పు నాయనా."

అందరూ జయరాంను చూశారు. శ్రీరంగప్ప కూడా ఇప్పుడు కొడుకునే చూస్తున్నాడు. చాపిన చెయ్యి దించలేదు.

జయరాం గొంతు సవరించుకున్నాడు. ఎంతోమందికి మాట చెప్పిన గొంతు. నాయనకు చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

"'మరి నాకు?' అని అడుగుతాండాడు."